పక్కకు జరిగిన ఈనె

ఆ ఇంటివాళ్ళను చుట్టుపక్కల అందరూ "గడ్డివాళ్ళు" అనేవారు. అందులో ఎగతాళి ఎంతో నిజమూ అంతే. పచ్చికను పంటలా పెంచి, వేళ్ళంటిన మట్టితో సహా చాపల్లా కోసి, చుట్టలు చుట్టి లారీలకెక్కించడం వాళ్ళ వృత్తి. ఆటమైదానాలకూ పార్కులకూ కొత్తగా కట్టిన ఆఫీసుల ముంగిళ్ళకూ ఆ చాపలే వెళ్ళి పరుచుకునేవి.

పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు మామగారు మొహంలో నవ్వన్నది లేకుండా, "ముందే చెబుతున్నానమ్మాయ్, మాది గడ్డి తిని బతికే కొంప. తరవాత నన్నేమీ అనుకోకు" అన్నాడు. పెళ్ళికూతురు పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూసే సంబంధం ఖాయం చేశారని వదిన ఇప్పటికీ దెప్పుతుంది. వదినంటే భర్తకు అక్క. లెక్కాపత్రం, వంటావార్పూ, వచ్చిపోయే లారీలతో పోట్లాటా అన్నీ ఆవిడవే. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "చేసుకున్నాగా, గడ్డిని. తాగదు, తిట్టదు, తల దువ్వుకోమంటే దువ్వుకుంటుంది" అనేది.

కొత్తకోడలు వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివింది. చదువు సంగతి ఎలా ఉన్నా, ఆ ఇంట్లో ఆమెకు సంతోషం పుట్టించని వస్తువంటూ లేదు. వంటింటి కిటికీ తీస్తే చాలు, గుమ్మం దగ్గర్నుంచి కాలవ గట్టుదాకా ఒకటే పచ్చదనం. పొద్దున్నే నీటితుంపర్లు తిరుగుతుంటే వాటిలో చిన్న ఇంద్రధనుస్సు పుట్టి, చూస్తూండగానే పోయేది. భర్త చెప్పులు తడిసి కిచకిచమనే చప్పుడు, ఇద్దరికీ ఒకటే తువ్వాలు, మూత సరిగా పడని టీ కెటిలు, అన్నీ ఆమెకు ముద్దే. "ఈ పిల్ల ఉప్పు డబ్బాను చూసి కూడా మురిసిపోతుంది" అని వదిన విసుక్కుంటూనే ఆ ఉప్పు డబ్బాను ఆమె చేతికందేట్టు పెట్టేది.

పచ్చికను ఎలా నాటతారో ఆమెకు మొదటివారంలోనే భర్త చూపించాడు. విత్తనం లేదు, నారు లేదు. పాత పచ్చికను పీకి, తీగల్ని ముక్కలు ముక్కలుగా తరిగి, దున్నిన నేల మీద చల్లి, పైన రోలరు నడిపి నీళ్ళు పెట్టడమే. ముక్కకొక కణుపుంటే చాలు. కణుపు నుంచి వేరు దిగుతుంది, పిలక లేస్తుంది. "నరికితే పెరిగేది లోకంలో గడ్డి ఒక్కటే" అన్నది మామగారు వచ్చినవాళ్ళందరికీ వినిపించే మాట. వినీ వినీ అది ఆ ఇంటి గోడ గడియారం కొట్టినట్టయింది. కొట్టినట్టు ఎవరికీ తెలియదు.

పెళ్ళైన కొత్తలో ఇద్దరూ రైల్లో ఊళ్ళు తిరిగి వస్తున్నారు. కొండను చీల్చి వేసిన పట్టాల దగ్గర సిగ్నలు లేక బండి ఆగింది. రెండు వైపులా గట్ల మీద మనిషి నడుమెత్తు గడ్డి. దాని నెత్తిన వెండి కుచ్చులు. గాలి ఒకవైపు నుంచి నిమిరితే గట్టు గట్టంతా తెల్లగా వంగి మళ్ళీ లేస్తోంది. కొత్తపెళ్ళికూతురు చప్పట్లు కొట్టింది.

"బాగుందా?" అన్నాడు భర్త.

"బాగుందా ఏమిటండీ, అటు చూడండి!"

అతను చూడలేదు, దిగాడు. "ఏవండోయ్, బండి కదులుతుంది" అని ఆమె తలుపు దగ్గర గగ్గోలు పెడుతుంటే, రెండు చేతులా ఒక దుబ్బు పట్టి వేళ్ళతో సహా పెకలించుకుని, కూత వినబడ్డాక పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. అరచేతుల నిండా సన్నటి నెత్తుటి గీతలు. "గడ్డివాడి కొడుకుని గడ్డే కోసింది చూశావా" అంటూ నవ్వాడు. ఆమె తడి తువ్వాలు చుట్టి, బిస్కెట్ల డబ్బాలో కుక్కి, ఆ దుబ్బును ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చింది.

పడకగది కిటికీ కింద నాటారు. అది బతికింది. బతకడమా, చంటిపిల్ల ఒళ్ళు చేసినట్టు ఒళ్ళు చేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక ఆకు తెంపుకొచ్చి భోజనాల బల్ల దగ్గర అందరికీ చూపించింది. "ఆకు అంచు చూడండి, కంటికి కనబడని రంపం. గాజుపొడి లాంటిది ఉంటుంది లోపల. ఆ రోజు మీ చెయ్యి కోసింది ఇదే. కాండం ఉందా అంటే లేనట్టే, నేలలోంచి తిన్నగా ఆకులే లేస్తాయి. ఇదిగో, ఆకు దాని తొడుగుతో కలిసేచోట ఈ పొర ఉంది చూశారా, అంచున వెంట్రుకలతో? దీన్ని నాలుక అంటారు. గడ్డి ఎవరన్నది దాని నాలుకే చెబుతుందని మా మేష్టారు అనేవారు."

"అయితే ఈ ఇంట్లో అసలు గడ్డిని నేనేనన్నమాట" అంది వదిన.

"నీ నాలుక చిన్న పొరా అక్కా?" అన్నాడు భర్త. వదిన గరిటె ఎత్తింది.

"అసలు తమాషా ఇది కాదు" అని కోడలు ఆకును వెలుతురుకు పెట్టింది. "ఏ ఆకుకైనా ఈనె నడిమధ్యన ఉంటుందిగా. దీనికి చూడండి, ఒక పక్కకు జరిగిపోయింది. తెల్లగా, అంచుకు ఆనుకుని." తరవాత భర్త చెవిలో మాత్రం వినబడేట్టు, "ఆ ఈనె మీరు. మిగిలిన మంచమంతా నేను" అంది. అతనికి పొలమారింది. మామగారు నీళ్ళ గ్లాసు అందిస్తూ, ఏం విననట్టు కిటికీలోంచి మొయిలు చూశాడు.

కాలేజీలో ఆ గడ్డి లాటిన్ పేరు ఆమె బట్టీ పట్టింది, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయింది. అక్కడ చూసింది అట్టకు అతికించిన ఎండు నమూనా. కుచ్చు ఉంది, ఆకు ఉంది, నాలుక ఉంది. అట్ట మీద పట్టదని ఎవరో అడుగు భాగాన్ని ముందే కత్తిరించేశారు. నేల పైన ఆ గడ్డి ఏమిటో ఆమె ఎంతైనా చెప్పగలదు. నేల కింద ఏమిటో ఆ అట్ట ఆమెకు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు దానికి వెండికుచ్చు అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఏడు పెద్ద చేనంతా ఒక కొత్త ఆటమైదానానికి ఒప్పుకున్నారు. పచ్చిక కోయడానికి ముందు మైదానంవాళ్ళ తరఫున పరీక్ష జరుగుతుంది. చేనులో వేరే జాతి గడ్డి ఒక్క పిలక కనబడినా ముద్ర వెయ్యరు. ముద్ర లేని చాప గేటు దాటదు. చేను కౌలుది. ఈ పంట కూడా గేటు దాటకపోతే, నేలను గోదాములు కట్టుకునేవాళ్ళకు ఇచ్చేస్తానని ఆసామి మొహం మీదే చెప్పాడు. అంతకుముందు ఏడు తెగులొచ్చి పంట పోయింది. కాబట్టి ఈసారి ముద్ర పడితే చేనూ ఇల్లూ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, అందరూ కాస్త మెల్లగా తలుపులు వేయడం మొదలుపెట్టారు.

వేళ్ళు ఎలా పట్టాయో చూద్దామని మామగారు ఒక చాప కోసి, తిరగేసి, అడుగున అరచెయ్యి పెట్టి నిమిరాడు. "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. వేలి కొసన నెత్తురు. చాపలోంచి తెల్లటి సూది ఒకటి పొడుచుకొచ్చి ఉంది.

కోడలు దాన్ని పట్టి లాగింది. సూది వెనక తెల్లటి దారం, దారానికి కణుపులు, కణుపు కణుపుకూ ఉల్లిపొర లాంటి పొలుసులు. లాగినకొద్దీ వస్తోంది. మొదలు మాత్రం రావడం లేదు. పక్కనే పచ్చికలోంచి ఒక లేతాకు నిటారుగా నిలబడి ఉంది. ఆమె దాన్ని తెంపి వెలుతురుకు పెట్టింది. ఈనె అంచుకు జరిగి ఉంది.

ఆమె కళ్ళు పడకగది కిటికీ వైపు తిరిగాయి. కిటికీకీ చేనుకూ మధ్య నడిచే దారి ఉంది, దారి మీద ఇటుకలున్నాయి.

"మామయ్యగారూ, ఇది మనదే" అంది. "కింద నుంచి వచ్చింది."

మామగారు వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించాడు. "దాని నాలుక ఏదో చెబుతుందన్నావు. ఇదేనా చెప్పింది?" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. అందుకే ఆమె ఇంట్లోకి పరుగెత్తి, స్నానాలగది తలుపు వేసుకుని ఏడ్చింది.

వదిన తలుపు తట్టింది. "వెలుపలికి రా తల్లీ. ఏడిస్తే దానికి నీళ్ళు పెట్టినట్టే. గోనెసంచులు కావాలి, జల్లెళ్ళు కావాలి. మట్టంతా తవ్వి జల్లిస్తే పోదూ? చీర మార్చుకో, బజారుకు పోదాం."

ఆవిడ నోట ఆ "తల్లీ" అన్న మాట కోడలు అదే మొదటిసారి వినడం.

ఇద్దరూ బజారుకెళ్ళారు. భర్త ఇంట్లో ఉన్నాడు. భార్య ఏడవడం అతను గోడ ఇవతల నుంచి విన్నాడు, మనసు మనసులో లేదు. వీళ్ళు తిరిగొచ్చేలోగా ఆ గడ్డి ఆనవాలు లేకుండా చెయ్యాలి, ఆమె చూసేసరికి నల్లటి నేల తప్ప ఏమీ ఉండకూడదు అనుకున్నాడు. ముందు కిటికీ కిందికెళ్ళి, గింజ గాలికి ఎగరకుండా ప్రతి కుచ్చునూ సంచిలోకి వంచి కోశాడు. అందులో కొన్నింటిని ఆమె కోసం ఒక సీసాలో పెట్టి మూత బిగించాడు కూడా. ఎగిరే కుచ్చున్న గడ్డి విత్తనంతోనే కదా పెరిగేది! విత్తనం సంచిలో పడింది, ఇక భయమేముంది? ట్రాక్టరుకు, గిరగిరా తిరిగే పళ్ళతో మట్టిని గుల్ల చేసే రోటవేటరు తగిలించి, ఆ దుబ్బు మీద నుంచి, దారి పక్క నుంచి, సూది కనబడిన చోటు నుంచి, పనిలో పనిగా చేను ఆ చివరిదాకా, అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ దున్నేశాడు. చేనులో సగం పచ్చిక పోతే పోయింది, మిగిలిన సగమైనా దక్కుతుందనుకున్నాడు. చివర్న అలవాటు కొద్దీ రోలరు కూడా నడిపి, నీళ్ళు తిప్పాడు. దుమ్ము లేవకుండా.

మామగారు మధ్యాహ్నపు నిద్ర లేచి వచ్చేసరికి అతను చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఏం చేశావురా?"

"నరికేశాను నాన్నా. ముక్క కూడా మిగల్లేదు."

"నరికావా?"

"ఊఁ. మెత్తగా."

మామగారు గట్టు మీద కూలబడ్డాడు. "తరిగావు. చల్లావు. రోలరు నడిపావు. నీళ్ళు పెట్టావు." ఒక్కొక్కటీ అంటూ కొడుకు మొహం చూస్తున్నాడు. "ఏం చేశావో తెలుసా? నాటావురా."

భర్త నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. తియ్యడం మరిచిపోయినట్టు.

బజారు నుంచి జల్లెళ్ళు మోసుకొచ్చిన ఆడవాళ్ళిద్దరికీ ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వదిన నెత్తి మీది మూట దించి, తమ్ముణ్ణి చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ నాలుక అలా ఆగిపోవడం ఆ ఇల్లు చూడలేదు.

జల్లించడం మొదలుపెట్టారు. పార, గునపం, జల్లెడ. నలుగురూ వరసగా కూర్చుని మట్టిని పిడికిళ్ళతో నలిపి తెల్లముక్కలు ఏరేవారు. అగ్గిపుల్లంత ముక్కను వదిలినా లాభం లేదు, దానికీ ఒక కణుపుంటుంది. లోతుగా తవ్వితే అక్కడా ఉన్నాయి, ఇంకా లోతుకు దిగితే అక్కడా. సంచులు నిండాయి. వాటిని సిమెంటు గచ్చు మీద ఎండబెడితే, అడుగునున్న సంచిని పొడుచుకుని సూదులు బయటికొచ్చాయి. "దీనికి మట్టి కూడా అక్కర్లేదు, మన ఏడుపు చాలు" అంది వదిన.

ఒక సాయంత్రం భర్త చేతిలో ముక్కను మట్టి తుడిచి, ఏం తోచక నోట్లో వేసుకుని నమిలాడు. నమిలి ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"తియ్యగా ఉంది."

ఆమె కూడా నమిలింది. నిజమే. చెరకు చివర ముక్కలా, సన్నగా, చల్లగా తీపి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క క్షణం రైలు పెట్టెలో ఉన్నట్టనిపించింది ఆమెకు. వెంటనే అతను ఉమ్మేసి, ఉమ్మిన పిప్పిని మళ్ళీ వెతికి ఏరి సంచిలో వేశాడు. పిప్పిలో కణుపు ఉండిపోయిందేమోనని భయం. అది చూశాక ఆమెకు ఇక ఆశ లేదు.

తరవాత వాన పడింది. మామూలుగా ఐతే ఆ ఇంట్లో వాన పండగే. వాన వెలిసిన మూడోనాటికి చేను ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఎవరో గుండుసూదులు గుచ్చినట్టు ఎర్రటి కొసలు లేచాయి. దున్నిన సగంలోనే కాదు. రోటవేటరు పళ్ళకు చుట్టుకున్న ముక్కలు ఎక్కడెక్కడ రాలాయో, దున్నని సగంలో కూడా అక్కడల్లా.

పరీక్షకు వచ్చినావిడ గొడుగును చేతికర్రలా పట్టుకు నడిచే మనిషి. గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రావాల్సిన పని కూడా లేకపోయింది. మర్యాద కోసం వంగి ఒక ఆకు తెంపింది.

"ఈనె చూశారా?" అంది.

"చూశామండీ" అన్నాడు మామగారు.

"ఎలా వచ్చింది?"

కోడలు నోరు విప్పబోయింది. "గాలికండీ" అన్నాడు మామగారు ఆమె కంటే ముందు. "గాలికి కొట్టుకొచ్చింది." వదిన నేల చూసింది. భర్త ఆకాశం చూశాడు.

ఆవిడ ముద్ర పెట్టెను తెరవనే లేదు. వెళ్తూ వెళ్తూ, "మట్టి కూడా గేటు దాటించకండి. పక్కవాళ్ళకు అంటుకుంటుంది" అంది. అంటురోగం వచ్చిన ఇంటి గుమ్మంలో చెప్పినట్టే చెప్పింది.

ఆ తరవాత పడకగదిలో మంచం మీద అతను ఒక అంచున పడుకున్నాడు. ఆమె రెండో అంచున పడుకుంది. మధ్యలో ఎవరూ లేరు. ఎవరినీ ఎవరూ నెట్టలేదు. ఒకసారి ఆమె చెయ్యి చాచింది. అతని చెయ్యి ఉంది, పట్టుకుంది కూడా. ఇద్దరి అరచేతుల్లోనూ పాత కోతల గరుకు తగిలింది. "నువ్వు చప్పట్లు కొట్టకుండా ఉంటే దిగేవాణ్ణి కాదు" అని అతను అనొచ్చు. అనలేదు. అంటే బాగుండునని ఆమె ఎంతసేపో ఎదురు చూసింది.

ఆసామి మనిషిని పంపాడు. పంటకాలం ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆ కబురు విన్నాక మామగారు ఎండిన చేనుకు నిప్పు పెట్టాడు. ఎవరితోనూ చెప్పలేదు. పట్టపగలు అగ్గిపెట్టె జేబులో వేసుకెళ్ళి, గాలి ఎటుందో చూసుకుని, గీశాడు. చేనంతా చిటపటలాడుతూ కాలింది. "కొరివితో తల గోక్కుంటున్నావేంటి నాన్నా" అని వదిన పరుగెత్తుకొచ్చింది. "పోతూ పోతూ శత్రువును చంపిపోతున్నానే" అన్నాడు. చాలా రోజులకు ఆయన మొహంలో ఒక నవ్వు లాంటిది కనబడింది. ఆ నవ్వు చూసి కోడలు కూడా నమ్మింది. చదువుకున్న మనిషి, అయినా నమ్మింది. బూడిద అంత నల్లగా, అంత శుభ్రంగా ఉంది మరి.

సామాను సర్దుకోవడం రోజుల తరబడి సాగింది. గడ్డివాళ్ళ ఇంట్లో ఇన్ని వస్తువులుంటాయని ఎవరూ అనుకోరు. లారీ వచ్చిన రోజున కోడలు చివరిసారి వంటింటి కిటికీ మూద్దామని వెళ్ళి, రెక్క మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

కాలవ గట్టుదాకా వెండి. కిటికీ కింద నుంచి ఆ చివరిదాకా, కాలిన నేలంతా ఒక్కసారిగా కుచ్చులు వేసింది. నిప్పు దాన్ని చంపలేదు, పూయించింది. గాలి ఒక పక్క నుంచి నిమురుతుంటే చేను చేనంతా తెల్లగా వంగి లేస్తోంది. పట్టాల గట్టు మీద చూసినదానికంటే ఎన్నో రెట్లు.

భర్త చేతిలో బట్టల మూటతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. మామగారు అప్పటికే లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నాడు. చేను వైపు తల తిప్పడం లేదు. వదిన టీ కెటిలును గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుందా?" అన్నాడు భర్త. ఎందుకన్నాడో అతనికే తెలియదు. అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట.

లేదందామనుకుంది ఆమె. ఇంత చేసిన దాన్ని బాగుందనడానికి నోరెలా వస్తుంది? కానీ కళ్ళు చూస్తున్నదాన్ని నాలుక కాదనలేకపోయింది.

"బాగుందండీ" అంది.

కిటికీ మూసి ఇద్దరూ బయటికొచ్చారు. గాలికి గింజలు లేచి తేలుతున్నాయి. ఒక్కో గింజకూ ఒక్కో తెల్లటి నూలుపోగు. కాలవ అవతలి చేల మీదికి, లారీ పరదా మీదికి, మామగారి నెరిసిన తల మీదికి దిగుతున్నాయి. భర్త చొక్కా భుజం మీద కొన్ని అంటుకుని ఉన్నాయి. ఆమె ఆపి, ఒక్కొక్కటే ఏరి పిడికిట్లో పట్టుకుంది. పెళ్ళైన కొత్తలో అతని చొక్కా మీది దూది ఏరినంత ఓపికగా ఏరింది. భుజం ఖాళీ అయిందనుకునేసరికి మళ్ళీ గాలి వీచింది.

"ఎక్కండమ్మా, పొద్దుపోతోంది" అని డ్రైవరు కేకేశాడు.

ఆమె పిడికిలి విప్పలేదు. విప్పి పారెయ్యడానికి ఆ ముంగిట్లో చోటు లేదు. అలాగే పట్టుకుని ఎక్కి కూర్చుంది.